"మెచ్యూర్ అయ్యింది" అంటే అసలు ఏమయ్యింది?

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పోయినేడాది వాళ్ళ అమ్మాయి పెద్దమనిషి అయ్యింది, ఫంక్షన్ ఇక్కడే చెయ్యాలని మా వదిన పట్టుబట్టింది, సరే మూడు వారాలు లీవ్ కావాలని అన్నయ్య వాళ్ళ మేనేజర్‌కి మెయిల్ పెట్టాడు. కారణం దగ్గర మనం ఇంట్లో అనుకునే మాటనే ఇంగ్లీషులో దించేశాడు, "మా అమ్మాయి మెచ్యూర్ అయ్యింది" అని. ఆ అమెరికన్ మేనేజర్ అరగంటలో జవాబిచ్చాడు: చాలా సంతోషం, మీరు అదృష్టవంతులు, మా వాడికి 19 వచ్చాయి, ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాం.

అన్నయ్య నాకు ఫోన్ చేసి "ఏంట్రా ఈయన అంటున్నది, వాళ్ళబ్బాయి మెచ్యూర్ అవ్వడం ఏంటి" అన్నాడు. నేను నవ్వాపుకోలేక కాసేపు మాట్లాడలేదు. ఆయన అనుకున్నది బుద్ధి గురించి, మనవాడు చెప్పింది ఒంటి గురించి. ఇద్దరూ వాడింది ఒకే మాట.

నవ్వు సంగతి పక్కన పెడితే ఈ మాట మనల్ని నిజంగానే తికమక పెడుతుంది. బ్యాంకులో ఒక అర్థం, ఆసుపత్రిలో ఇంకోటి, పెళ్ళిచూపుల్లో ఇంకోటి, కోర్టులో మరోటి. అందుకని ఓసారి కూర్చుని ఈ చిక్కుముడి విప్పుదామనిపించింది.

## ఒక మాట, లోపల రెండు సగాలు

ఈ మాట లాటిన్ "మాతూరుస్" నుంచి వచ్చింది. దానికి పండింది అని అర్థం ఉంది, సమయానికి జరిగింది అన్న అర్థమూ ఉంది. ఫ్రెంచి వాళ్ళు పండిన పండుని ఇప్పటికీ "మ్యూర్" అంటారు, అదీ ఇందులోంచి పుట్టిందే. తెల్లవారుజాముకి లాటిన్‌లో ఉన్న మాట కూడా ఈ కుటుంబానిదే అంటారు, అంటే "వేళకి రావడం" అన్నది ఈ మాటకి పుట్టుకతోనే ఉందన్నమాట.

సో దీంట్లో రెండు సగాలున్నాయి. ఒకటి పక్వం, అంటే లోపల్నించి తయారవడం. రెండోది గడువు, అంటే క్యాలెండర్లో ఒక తారీఖు రావడం. పండు విషయంలో ఈ రెండూ దాదాపు కలిసే వస్తాయి కాబట్టి పాతకాలం వాళ్ళకి తేడా తెలియాల్సిన పని పడలేదేమో. కానీ అదే మాటని డబ్బుకి, పిల్లలకి, చట్టానికి, మనిషి బుద్ధికి వాడటం మొదలెట్టాక రెండు సగాలూ విడిపోయాయి. కొన్నిచోట్ల గడువు మాత్రమే మిగిలింది, కొన్నిచోట్ల పక్వం మాత్రమే. మనకొచ్చే గొడవలన్నీ ఎక్కడ వస్తాయంటే, పక్వాన్ని తారీఖుతో కొలిచిన చోట, లేదా తారీఖుని చూసి పక్వం అనుకున్న చోట.

తెలుగులో మాత్రం దీనికి ఒక్క మాట లేదు. కాయ ముదురుతుంది, పండు మాగుతుంది, గడువు తీరుతుంది, నెలలు నిండుతాయి, అమ్మాయి ఈడేరుతుంది, మనిషికి బుద్ధి వస్తుంది. ఆరు పనులకి ఆరు క్రియలు. పుస్తకాల్లో రాసేటప్పుడు పరిపక్వత, పరిణతి, ప్రౌఢ అని సంస్కృతం కూడా దించుతాం. ఇన్ని ఉండగా "మెచ్యూర్" అనే ఒక్క మాట వచ్చి అన్నింటి చోటా కూర్చుంది.

## "నిన్న" పెట్టి చూడండి, "చాలా" పెట్టి చూడండి

మరి అన్నీ ఒకే మాటైతే మనకి అర్థం ఎలా అవుతోంది? దాని పక్కనున్న మాటల వల్ల. చిన్న పరీక్ష ఒకటి చెప్తా.

వాక్యంలో "నిన్న" అని పెట్టండి. "నిన్న మా మేనకోడలు మెచ్యూర్ అయ్యింది", ఎవరికీ డౌట్ రాదు, మొదటిసారి పీరియడ్ వచ్చింది అని. "నిన్న నా ఎఫ్‌డీ మెచ్యూర్ అయ్యింది", ఇదీ ఓకే. ఇప్పుడు "నిన్న" తీసేసి "చాలా" పెట్టండి. "నా ఎఫ్‌డీ చాలా మెచ్యూర్ అయ్యింది" అంటే బ్యాంకు వాళ్ళు మీ వంక అదోలా చూస్తారు. "మా మేనకోడలు చాలా మెచ్యూర్ అయ్యింది" అంటే మాత్రం అర్థమే మారిపోయింది, పిల్ల ఆలోచన ఎదిగింది అని. ఎందుకంటే తారీఖుకి చాలా, కొంచెం అని ఉండవు, వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. పక్వానికి ఉంటాయి.

ఇందులో ఒక విషయం నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. "మా అబ్బాయి మెచ్యూర్ అయ్యాడు" అంటే, నిన్న పెట్టినా పెట్టకపోయినా, మనం బుద్ధి గురించే అనుకుంటాం. గొంతు మారింది, మీసం మొలిచింది అని ఎవరూ అనుకోరు. అమ్మాయి పేరు చెప్పగానే మాత్రం అదే క్రియ ఒంటి మీదకి వెళ్తుంది. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, ఇది మనం చేర్చుకున్నదే. అన్నయ్య మేనేజర్ తికమక పడింది కూడా సరిగ్గా ఇక్కడే.

ఇంకో చిన్న ముచ్చట. మనం "మెచ్యూర్డ్ పర్సన్" అంటాం, పెళ్ళి ప్రొఫైళ్ళలో ఇది తెగ కనిపిస్తుంది. ఇంగ్లీషు వాళ్ళు మనుషులకి చివర "డ్" లేకుండా "మెచ్యూర్" అనే వాడతారు, "డ్" ఉన్నది ఎక్కువగా జున్నుకి, సారాకి, బాండ్లకి వాడే రూపం. అలాగని మనది తప్పని నేననను, ఇండియాలో ఇంతమంది అలా అంటున్నాక అది ఇక్కడి ఇంగ్లీషే. బయటి దేశం వాళ్ళకి రాసేటప్పుడు గుర్తుంటే చాలు.

## బ్యాంకులో: పూర్తిగా తారీఖు

డబ్బు విషయంలో ఈ మాటకి ఏ గందరగోళం ఉండకూడదు నిజానికి, ఎందుకంటే ఇక్కడ పక్వం అన్నదే లేదు, ఉన్నది గడువు ఒక్కటే. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 22వ సెక్షన్లో మెచ్యూరిటీ అంటే ప్రామిసరీ నోటు గానీ హుండీ లాంటి బిల్లు గానీ చెల్లించాల్సిన తేదీ అని సూటిగా రాసేశారు, పైన మూడు రోజులు గ్రేస్ అని కూడా. ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: 1878 జనవరి 29న రాసిన నోటు, నెల రోజుల గడువు. ఫిబ్రవరిలో 29 లేదు కాబట్టి 28కి నెల అయినట్టు లెక్క, దాని మీద మూడో రోజు, అంటే మార్చి 3, మెచ్యూరిటీ. ఎంత పక్కాగా ఉందో చూడండి.

ఇప్పుడు మనింటి లెక్క చూద్దాం. లక్ష రూపాయలు 7 శాతానికి 5 ఏళ్ళు ఎఫ్‌డీ వేశారు, వడ్డీ మూణ్ణెల్లకోసారి అసలులో కలుస్తుంది. 5 ఏళ్ళకి వచ్చేది సుమారు 1,41,478. ఇదీ మెచ్యూరిటీ అమౌంట్. మధ్యలో రెండేళ్ళకే అవసరం పడి బ్రేక్ చేశారనుకోండి, దాన్ని ప్రీమెచ్యూర్ విత్‌డ్రాయల్ అంటారు. 7 శాతం చొప్పున రెండేళ్ళకి 1,14,888 రావాలి కదా అని చాలామంది అనుకుంటారు. కానీ బ్యాంకులు సాధారణంగా ఏం చేస్తాయంటే, మీరు డిపాజిట్ వేసిన రోజున రెండేళ్ళ డిపాజిట్‌కి ఉన్న రేటు తీసుకుని, అందులోంచి పెనాల్టీ తీసేస్తాయి. ఆ రేటు 6.5 ఉండి పెనాల్టీ 1 శాతం అనుకుంటే 5.5 పడుతుంది, చేతికొచ్చేది 1,11,544. అంటే 3,344 తక్కువ. పచ్చికాయ కోసినట్టే, ప్రీమెచ్యూర్ అన్న మాట ఇక్కడ భలే అతికింది.

తారీఖు దాటిపోయాక కూడా ఒక చిక్కుంది. మెచ్యూర్ అయ్యింది కదా, అక్కడే ఉంటే వడ్డీ పెరుగుతూనే ఉంటుందిలే అనుకుంటారు. ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే మళ్ళీ అప్పటి రేటుకి మొదలవుతుంది. అదేం పెట్టకుండా, డబ్బు తీసుకోకుండా వదిలేస్తే, 2021లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూల్ ప్రకారం సేవింగ్స్ రేటు, పాత ఒప్పందం రేటు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది ఇస్తారు. 10 ఏళ్ళు ఎవరూ అడక్కపోతే ఆ డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక ఫండ్‌కి వెళ్ళిపోతుంది, తర్వాత కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు, కాకపోతే తిరగాలి.

ఇన్సూరెన్స్‌లో మూడు మాటలు కలిపేసుకుంటారు. ప్రీమియం కట్టక ఆగిపోతే అది లాప్స్. టర్మ్ పాలసీ గడువు అయిపోతే అది ముగిసినట్టు, మామూలు టర్మ్ పాలసీలో మనిషి బతికే ఉంటే రూపాయి రాదు. ఎండోమెంట్ లాంటి పాలసీ గడువు అయిపోతే అదీ మెచ్యూర్ అవ్వడం, అప్పుడే డబ్బొస్తుంది. తెలుగు కాగితాల్లో కొన్నిచోట్ల వీటన్నింటికీ "గడువు తీరింది", "కాలపరిమితి ముగిసింది" అనే రాసేస్తారు, చదివిన వాళ్ళకి డబ్బొచ్చిందో పోయిందో అర్థం కాదు. ఇక్కడ మాత్రం నేను ఇంగ్లీషు మాట వైపే ఉంటా, "పాలసీ మెచ్యూర్ అయ్యింది" అంటే మా ఊరి పాలవాడికి కూడా క్లియర్‌గా తెలుసు, డబ్బు వస్తుందని.

ఆడపిల్లల పేరు మీద పొదుపు చేసే సుకన్య సమృద్ధి పథకం గురించి కూడా ఒక్కమాట, దీని మీద అపోహ చాలా ఉంది. "21 ఏళ్ళకి మెచ్యూర్ అవుతుంది" అంటే అమ్మాయికి 21 వచ్చినప్పుడు అనుకుంటారు. కాదు, అకౌంట్ తెరిచిన రోజు నుంచి 21 ఏళ్ళు. పాపకి 3 ఏళ్ళప్పుడు తెరిస్తే 15 ఏళ్ళు కట్టాలి, మెచ్యూర్ అయ్యేసరికి ఆ పిల్లకి 24. అకౌంట్ వయసు వేరు, అమ్మాయి వయసు వేరు. 18 దాటాక పెళ్ళి కోసం ముందే మూసుకోవచ్చు, పైచదువుకి సగం దాకా తీసుకోవచ్చు, అది వేరే సంగతి.

## తోటలో: పూర్తిగా పక్వం

బ్యాంకుకి సరిగ్గా ఎదురు చివర ఉండేది మామిడితోట. ఇక్కడ తారీఖు ఎవడికీ పట్టదు.

ఇంగ్లీషులో చదువుకున్న హార్టికల్చర్ ఆఫీసర్ కూడా ఇక్కడ రెండు మాటలు వాడతాడు, మెచ్యూర్ వేరు, రైప్ వేరు. మన రైతుకి ఇది కొత్తేం కాదు, ముదరడం వేరు మాగడం వేరు. చెట్టు మీద కాయ ముదరాలి, అంటే లోపల టెంక గట్టిపడాలి, తొడిమ దగ్గర బుజాలు పైకి లేవాలి, నీళ్ళలో వేస్తే మునగాలి. అప్పటికి ఇంకా పచ్చగానే, గట్టిగానే ఉంటుంది. కోసి వరిగడ్డిలో పెడితే మెల్లగా దోరకి వచ్చి తర్వాత మాగుతుంది, కాయ తనంతట తనే ఇథిలీన్ అనే గ్యాస్ వదులుకుని మాగుతుంది. ముదరని కాయని కోస్తే మాత్రం ఎంత గడ్డి కప్పినా మాగదు, తోలు ముడతలు పడి వడిలిపోతుంది.

సీజన్ మొదట్లో రేటు బాగుంటుందని లేతకాయ కోసేసి కార్బైడ్ పెట్టేది ఇందుకే. కార్బైడ్‌కి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, పైన పచ్చరంగు పోయి పసుపు వచ్చేస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్ళు ఉంటాయి కాబట్టి ఫుడ్ సేఫ్టీ రూల్స్‌లో దాన్ని నిషేధించారు, ఇథిలీన్ గ్యాస్‌ని మాత్రం 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) దాకా అనుమతించారు. ముదిరిన కాయకి ఇథిలీన్ పెడితే అది ఎలాగూ చేసుకోబోయే పనికి ఓ తోపు తోసినట్టు, ముదరని కాయకి రంగు తెప్పిస్తే అది వేషం. బంగినపల్లి కొని కోసి చూశాక మొహం మాడ్చుకున్న ప్రతివాడికీ ఈ తేడా తెలుసు.

ఇదే ముదరడం అన్న మాట కంటి డాక్టర్ దగ్గర కూడా వినిపిస్తుంది. మా అమ్మమ్మ ఎనిమిదేళ్ళ పాటు "శుక్లం ఇంకా ముదరలేదు" అనుకుంటూ మసకలోనే బియ్యంలో రాళ్ళేరింది. పాత పద్ధతి ఆపరేషన్ల రోజుల్లో శుక్లం ముదిరేదాకా ఆగమనేవాళ్ళు, అది నిజమే. ఇప్పుడు చేసే పద్ధతిలో ఆ అవసరం లేదు, పైగా మరీ ముదిరితే లెన్సు గట్టిపడి ఆపరేషనే కష్టమవుతుంది. పద్ధతి మారినా మాట మారలేదు, జనం ఆ మాటని నమ్ముకుని కూర్చున్నారు.

## కాన్పు గదిలో: రెండూ కలిసి

37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డని ప్రీమెచ్యూర్ బేబీ అంటాం. మన మాట ఇంకా బాగుంటుంది, "నెలలు నిండకుండా పుట్టాడు". 37 అన్నది తారీఖే, కానీ డాక్టర్లకి కావాల్సింది తారీఖు కాదు, ఊపిరితిత్తులు తయారయ్యాయా లేదా అన్నది. గాలి సంచులు అతుక్కుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చివరి వారాల్లోనే సరిపడా తయారవుతుంది. అందుకే నొప్పులు ముందే మొదలైతే "లంగ్ మెచ్యూరిటీ కోసం" అని తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేస్తారు. అంటే తారీఖు ముందుకి జరిగింది కాబట్టి పక్వాన్ని కూడా కాస్త ముందుకి తోస్తున్నారన్నమాట.

## ఇంట్లో: అమ్మాయి సంగతి

ఇక అసలు చోటికి వద్దాం. దీనికి తెలుగులో మాటలకి కొదవ లేదు. రజస్వల, పుష్పవతి అనేవి పంతులుగారి మాటలు. సమర్తాడింది, పెద్దమనిషి అయ్యింది, పెద్దపిల్ల అయ్యింది అనేవి ఇంట్లో మాటలు. ఈడేరింది అన్నది నాకు అన్నిట్లోకీ ఇష్టమైన మాట, ఎందుకంటే కోరిక తీరినా "కోరిక ఈడేరింది" అనే అంటాం, నెరవేరడం అన్న అర్థం దాంట్లో ఉంది. ఇన్ని ఉండగా మెచ్యూర్ ఎందుకొచ్చిందీ అంటే, నాకు తోచింది చెప్తా. రజస్వల అంటే మరీ పుస్తకంలా ఉంటుంది, సమర్త అంటే పల్లెటూరి మాటని నామోషీ, పీరియడ్ అంటే మరీ సూటిగా ఉంటుంది. ఇంగ్లీషు మాటైతే ఏదీ చెప్పకుండానే అన్నీ చెప్పేయొచ్చు, మగవాళ్ళ ముందు కూడా అనేయొచ్చు.

కానీ డాక్టర్ల లెక్కలో ఈ మాట ఇక్కడ సరిగ్గా అతకదు. మొదటి పీరియడ్ అన్నది యౌవనం అనే పొడుగాటి ప్రయాణంలో మధ్యలో వచ్చే ఒక స్టేషన్, ఆఖరి స్టేషన్ కాదు. ఒంట్లో మార్పులు దానికి రెండు మూడేళ్ళ ముందే మొదలవుతాయి. అది వచ్చాక కూడా పిల్ల ఇంకొన్ని సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. మొదటి ఒకట్రెండేళ్ళు నెలసరి సరిగ్గా రాకపోవడం మామూలే, అండం ప్రతి నెలా విడుదలవ్వదు కాబట్టి. 10 నుంచి 15 ఏళ్ళ మధ్య ఎప్పుడొచ్చినా సాధారణమే. 8 ఏళ్ళ లోపే ఛాతీ పెరగడం లాంటి మార్పులు కనిపించినా, 15 దాటినా రాకపోయినా డాక్టర్లు పరీక్ష చేయించమంటారు. కాబట్టి మామిడి భాషలో చెప్పాలంటే మొదటి పీరియడ్ అన్నది కాయ ముదిరినట్టు కాదు, పిందె కట్టినట్టు. "నిన్న మెచ్యూర్ అయ్యింది" అన్న వాక్యంలో తారీఖు ఉంది, పక్వం లేదు.

మరి ఫంక్షన్? పూర్వం ఎలా చేసేవాళ్ళో మీకూ తెలుసు. తాటాకు చాప మీద మూలన కూర్చోబెట్టడం, వేరే కంచం, వేరే గ్లాసు, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, ఇన్ని రోజులని లెక్క చూసి తలస్నానం, మేనమామ తెచ్చిన చీర. ఇప్పుడు సెంటర్లో ఫ్లెక్సీ, డ్రోన్ కెమెరా, 500 మందికి భోజనాలు. దీని మీద గొడవ కూడా అంతే ఉంది.

వద్దనేవాళ్ళు అనేది ఏంటంటే, 12 ఏళ్ళ పిల్ల ఒంట్లో జరిగింది రోడ్డు మీద బోర్డు కట్టి చెప్పడమేంటి, ఆ పిల్లని అడిగారా, మర్నాడు స్కూల్లో అబ్బాయిలు ఎలా చూస్తారు. పైగా దీని అసలు ఉద్దేశం "మా ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంది" అని నలుగురికీ చెప్పడమే కదా అంటారు. చెయ్యాలనేవాళ్ళ మాటలో కూడా పస లేకపోలేదు. రక్తం చూసి భయపడిపోయిన పిల్లకి ఇది సిగ్గుపడాల్సింది కాదు, సంబరం చేసుకోవాల్సింది అని ఇల్లంతా కలిసి చెప్పడం తక్కువ విషయమేం కాదు. నెలసరి అన్న మాటే ఎత్తకుండా దాచిపెట్టే ఇళ్ళతో పోలిస్తే ఇది నయం అంటారు. చీర, సారె అన్నీ ఆడపిల్ల పేరుతో జరిగే కొద్దిపాటి వేడుకల్లో ఇదొకటి అని కూడా అంటారు. నా మటుకు నాకు చిమ్మిలితో, చీరతో ఏ పేచీ లేదు, మూలన కూర్చోబెట్టడంతో ఉంది, ఫ్లెక్సీతో ఉంది.

ఈ మధ్య ఇంకో మార్పు గమనించా. మెచ్యూర్ ఫంక్షన్ అన్న పేరు మెల్లగా హాఫ్ శారీ ఫంక్షన్ అయిపోతోంది, అమెరికాలో మనవాళ్ళు కొందరు దాన్ని పీరియడ్‌తో సంబంధం లేకుండా పిల్లకి ఫలానా వయసు రాగానే, సెలవులు చూసుకుని చేసేస్తున్నారు. అబ్బాయిలకి పంచెకట్టు ఫంక్షన్ ఎలాగో అలాగ. అంటే ఒంటి మీదున్న తారీఖుని తీసి క్యాలెండర్ మీద పెట్టారు. వేడుక మిగిలింది, చాటింపు పోయింది.

## కోర్టులో: మెచ్యూర్ వేరు, మేజర్ వేరు

"మెచ్యూర్ అయ్యిందిగా, ఇంక పెళ్ళి చేసేయొచ్చు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది మెచ్యూర్‌ని మేజర్ అనుకోవడం. చట్టానికి కావాల్సింది రెండోది. ఇప్పుడున్న 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. 1875 నాటి మెజారిటీ చట్టం కూడా 18కే మేజర్ అంటుంది.

చట్టం ఒంటివైపు చూడకుండా అంకె వైపు ఎందుకు చూస్తుందంటే, పక్వాన్ని జడ్జి కొలవలేడు, పుట్టిన తేదీని చూడగలడు. కానీ ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు, జనం కొట్లాడుకుని జరుపుకుంటూ వచ్చారు. 1891లో ఏజ్ ఆఫ్ కన్సెంట్ చట్టం అమ్మాయితో కాపురానికి ఉన్న 10 ఏళ్ళ హద్దుని 12కి పెంచితేనే, రజస్వల అవ్వగానే చెయ్యాల్సిన శాస్త్రం చెడిపోతుందని సంప్రదాయవాదులు పెద్ద గొడవ చేశారు. 1929లో శారదా చట్టం అమ్మాయి పెళ్ళి వయసు 14 అంది, 1949లో అది 15 అయ్యింది, 1978లో 18. అమ్మాయికి కూడా 21 చెయ్యాలని 2021లో బిల్లు పెట్టారు, అది ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది. ఓటు సంగతీ అంతే, 1989 దాకా 21, ఆ తర్వాత 18.

అంకె వల్ల లాభం అందరికీ ఒకే కొలత, పెద్దమనుషులు "మా పిల్ల తెలివైనది, ఎదిగింది" అని కథలు చెప్పడానికి ఉండదు. నష్టం ఏంటంటే 17 ఏళ్ళ 11 నెలలకి లేని బుద్ధి నెల రోజుల్లో ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్న. చట్టం కూడా ఇది ఒప్పుకుని కొన్నిచోట్ల పక్వాన్ని చూస్తుంది. పాత ఐపీసీ 83వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 21, ఏం చెప్తాయంటే 7 దాటి 12 లోపున్న పిల్లాడికి తాను చేసే పని ఏంటో, దాని ఫలితం ఏంటో తెలిసేంత మెచ్యూరిటీ లేకపోతే అది నేరం కాదు అని. 7 లోపు అయితే ప్రశ్నే లేదు. అలాగే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 16 నుంచి 18 మధ్య వాళ్ళు ఘోరమైన నేరం చేస్తే, అది అర్థం చేసుకునే మానసిక స్థాయి వాళ్ళకుందా అని ముందు పరిశీలించమన్నారు. దీని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. నేరం ఘోరమైనంత మాత్రాన పిల్లాడు పెద్దవాడైపోతాడా అని కొందరు, అంత పథకం వేసినవాడు పిల్లాడెలా అవుతాడు అని కొందరు.

## "వాడికి మెచ్యూరిటీ లేదు"

ఇది పూర్తిగా "చాలా" వైపున్న వాడకం. తారీఖు లేదు, సర్టిఫికెట్ లేదు, ఎదుటివాడి అభిప్రాయమే కొలత. అందుకే దీన్ని తిట్టుగా వాడటం తేలిక. పెళ్ళాం పుట్టింటికెళ్తానంటే మెచ్యూరిటీ లేదు, ఉద్యోగి జీతం పెంచమంటే మెచ్యూరిటీ లేదు. చాలాసార్లు దీనికి నిజమైన అర్థం "నేను చెప్పినట్టు వినట్లేదు" అనే. మెదడులో ముందుచూపుకి, తమాయించుకోవడానికి పనికొచ్చే ముందుభాగం ఇరవైల మధ్య దాకా తయారవుతూనే ఉంటుందని శాస్త్రవేత్తలు చెప్తారు, సో 20 ఏళ్ళ కుర్రాడిని మెచ్యూరిటీ లేదని తిట్టడమంటే పిందెని పుల్లగా ఉన్నావని తిట్టడమే.

మన భాషలో మాత్రం మరీ ముందే పక్వానికి వస్తే మెచ్చుకోం, గమనించారా. "వాడు ముదురు" అంటే పొగడ్త కాదు. ముదర బెండకాయ అంటే పారేసేది, పెళ్ళికొడుకు ముదిరాడు అంటే ఎకసెక్కం. ఇంగ్లీషు వాళ్ళు మర్యాదగా ముసలితనానికి కూడా ఈ మాటే వాడతారు, క్రీముల మీద "మెచ్యూర్ స్కిన్" అంటే ముడతలు పడ్డ చర్మం అని. యూకేలో డిగ్రీలో చేరేనాటికి 21 దాటి ఉంటే "మెచ్యూర్ స్టూడెంట్" అంటారు, బుద్ధిమంతుడని కాదు, వయసు ఎక్కువని. ఓటీటీలో "మెచ్యూర్ కంటెంట్" అంటే పెద్దలకి మాత్రమే అని, బుద్ధి పెద్దగా అక్కర్లేదు. మన హైదరాబాద్ ఐటీ కంపెనీలు గేటు దగ్గర గొప్పగా పెట్టుకునే సీఎంఎంఐ లెవెల్ 5 లో ఒక "ఎం" కూడా మెచ్యూరిటీయే, పని ఒక పద్ధతి ప్రకారం జరుగుతోందా అని ఐదు మెట్ల మీద కొలిచే లెక్క అది.

అన్నయ్య చివరికి ఇంకో మెయిల్ పెట్టాడు, ఇంట్లో వేడుక ఉంది, అమ్మాయికి ఈడు వచ్చినప్పుడు మావాళ్ళు చేసేది అని. ఇంగ్లీషులో దీనికి "కమింగ్ ఆఫ్ ఏజ్" అనే మాట రెడీగా ఉంది, మన ఈడేరడానికి దాదాపు అచ్చు జోడీ. ఆ మేనేజర్ మొదటి మెయిల్‌కి సారీ చెప్పి లీవ్ ఇచ్చాడు. ఇక్కడికొచ్చాక కార్డు ప్రూఫ్ వచ్చింది, పైన బంగారు అక్షరాలతో "మెచ్యూర్ ఫంక్షన్" అని ఉంది. పిల్ల దాన్ని కాసేపు చూసి, పెన్ను తీసుకుని మొదటి మాట కొట్టేసి, వచ్చీ రాని తెలుగు అక్షరాలతో "ఓణీల" అని రాసింది. ఓ కి దీర్ఘం మర్చిపోయింది, ప్రెస్సువాడు దిద్దుకున్నాడు.